తిల్లి, బల్ల, ప్లీహం, స్ప్లీన్: ఉత్తర తెలంగాణలో వైద్య పదాల చరిత్ర

మనిషి కడుపులో ఎడమ పక్కన, కింది పక్కటెముకల చాటున, పిడికిలంత ఉండే ఒక అవయవానికి కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతంలో నాలుగు పేర్లున్నాయి. మాంసం దుకాణంలో అది తిల్లి. చలిజరం పదేపదే వచ్చి అది ఉబ్బి, చేత్తో తడిమితే పలకలా గట్టిగా తగిలినప్పుడు బల్ల. బడి పుస్తకంలో ప్లీహం. దవాఖానలో ఇచ్చే స్కానింగ్ కాగితం మీద స్ప్లీన్. ఈ నాలుగూ ఒకదానికొకటి అనువాదాలుగా పుట్టినవి కావు. ఒక్కొక్కటి ఒక్కో వ్యవస్థ వెంట, ఒక్కో కాలంలో ఈ నేలకు వచ్చి, ముందున్న పేరును తుడిచెయ్యకుండా దాని పక్కనే నిలిచింది. అందువల్ల ఇక్కడ వైద్య పదాలను అర్థం చేసుకోవడమంటే ఒక్కో పదం ఎవరి నోట, ఏ పని కోసం పుట్టిందో, మరొకరి చేతికి వచ్చేసరికి దాని అర్థం ఎంత జరిగిందో తెలుసుకోవడమే.

ఈ ప్రాంతపు భాషా స్థితి ఆ పనికి అనువైనది. నిజాం పాలనలో ఎల్గందల్ జిల్లాగా ఉన్నది 1905లో కరీంనగర్ జిల్లా అయింది; అదే ఏడాది ఆదిలాబాద్ పూర్తి స్థాయి జిల్లాగా ఏర్పడింది. 2016 అక్టోబరులో ఈ రెండూ చీలి, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలు వచ్చాయి. గోదావరికి దక్షిణాన తెలుగు, ఉర్దూ కలిసి నడిస్తే, ఉత్తరాన వాటికి గోండీ, కొలామీ, లంబాడీ, మరాఠీ తోడయ్యాయి. ఒకే రోగానికి ఒక సంతలో నాలుగైదు పేర్లు వినిపించడం ఈ ప్రాంతంలో వింత కాదు.

ఇంటి మాటలు

శరీర భాగాల పేర్లలో అన్నిటికంటే పాతవి ఇంట్లో పసిపిల్లలకు నేర్పే మాటలే. కన్ను, చెవి, పల్లు, చేయి, తల, నెత్తురు అనేవి తెలుగుకు మాత్రమే చెందినవి కావు, ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. ఆదిలాబాద్ అడవుల్లో మాట్లాడే గోండీ, కొలామీ భాషల పక్కన వీటిని పెట్టి చూస్తే ఆ చుట్టరికం తేటగా కనిపిస్తుంది. తెలుగు కన్ను ఆ రెండు భాషల్లోనూ కన్. పల్లు రెండింట్లోనూ పల్. నెత్తురు కొలామీలో నెతుర్, గోండీలో నత్తుర్. చెవిని కొలామీలో కెవ్ అని, చేతిని గోండీలో కై అని అంటారు. తెలుగులో ఎకార ఇకారాల వంటి అచ్చుల ముందున్న కకారం చకారంగా మారడం వల్ల చెవి, చేయి అనే రూపాలు ఏర్పడ్డాయి. కన్నడంలో కివి, కై అని పాత కకారమే నిలిచింది. అంటే ఉట్నూరు ప్రాంతంలోని కొలాం రోగి తన భాషలో చెవి చూపించి చెప్పిన మాటకు, తెలుగు కంపౌండరుకు తెలిసిన మాటకు మధ్య ఒక్క హల్లు దూరమే ఉంది.

బయటికి కనిపించే భాగాల సంగతి ఇలా ఉంటే, లోపలి భాగాల పేర్లు పనిముట్ల నుంచి, వంట నుంచి, మాంసం కోసే మొద్దు మీది నుంచి వచ్చాయి. తలకాయ, గుండెకాయ, మెడకాయ అనే మాటల్లో గుండ్రని, కండ గల భాగాన్ని కాయతో పోల్చడం ఉంది. కంటి లోపలి గుండ్రని భాగం గుడ్డు కాబట్టి కనుగుడ్డు. ఊపిరితిత్తి అనే మాటలో తిత్తి అంటే తోలుసంచి. కమ్మరి కొలిమిలో గాలి ఊదే తిత్తి అదే. నిర్మల్‌కు దక్షిణాన గోదావరి ఆవలి ఒడ్డున కోనసముద్రం వంటి ఊళ్లలో ఉక్కు కరిగించే కొలుములు 19వ శతాబ్దపు తొలి భాగం దాకా నడిచాయి. అటువంటి నేల మీద పెరిగిన మనిషికి, తెరుచుకున్నప్పుడు గాలి పీల్చి మూసుకున్నప్పుడు వదిలే తోలుసంచి దినమూ కళ్లెదుట ఆడేదే కనుక, ఊపిరితిత్తి అనే పేరు ఆ అవయవం ఆకారాన్నే కాక అది పనిచేసే తీరునూ ఒక్క మాటలో చెప్పేది.

ఇటువంటి పోలికలను పామరుల ఊహలని తీసివేయడానికి వీల్లేదు, ఎందుకంటే వైద్యశాస్త్రంలో చలామణి అయ్యే లాటిన్ పదాలు కూడా ఇదే పద్ధతిలో పుట్టాయి. మోకాలి ముందున్న చిన్న ఎముకను తెలుగువారు మోకాలి చిప్ప అంటే, లాటిన్‌లో దాని పేరైన పటెల్లాకు అర్థం చిన్న పళ్లెం. కంటి నడుమ నల్లని రంధ్రాన్ని తెలుగులో కంటిపాప అంటారు; ఇంగ్లీషు వైద్యులు వాడే ప్యూపిల్ అనే మాటకు మూలమైన లాటిన్ ప్యూపిల్లాకు కూడా చిన్న పిల్ల, బొమ్మ అని అర్థం. ఎదుటివారి కంటిలోకి చూసినప్పుడు తన ప్రతిబింబమే చిన్న బొమ్మలా కనిపించడం రెండు చోట్లా ఆ పేరుకు కారణం. కండరాన్ని మజిల్ అనడం వెనుక ఉన్న లాటిన్ మాటకు చిట్టెలుక అని అర్థం. చర్మం కింద కదిలే కండను చూసి పెట్టిన పేరది. పరభాషా పదం కావడం వల్ల లాటిన్ పేరు గంభీరంగా వినిపిస్తుంది కాని, పుట్టుకలో అది తెలుగు పేరు కంటే ఘనమైనదేమీ కాదు.

ఉత్తర తెలంగాణ వాడుకలో కొన్ని ఇంటి మాటలు మిగతా తెలుగు ప్రాంతాల వారిని తికమక పెడతాయి. శరీరం ఇక్కడ పెయ్యి. ఒంటి నొప్పులు పెయ్యి నొప్పులు. ఎముక ఇక్కడ బొక్క; కోస్తాలో ఆ మాటకు రంధ్రమని అర్థం కాబట్టి, బొక్క విరిగిందని చెప్పే రోగిని కోస్తా నుంచి వచ్చిన కొత్త వైద్యుడు రెండోసారి అడగక తప్పదు. ఎముకల నిపుణుడు బొక్కల డాక్టరు, దంతవైద్యుడు పండ్ల డాక్టరు. ఒంట్లో బాగుండకపోతే పానం మంచిగ లేదంటారు. పానం అంటే ప్రాణమే అయినా ఈ వాక్యంలో ప్రాణాపాయమేమీ లేదు, నలతను మాత్రమే చెబుతుంది. కరీంనగర్ జిల్లాకు చెందిన నలిమెల భాస్కర్ 2003లో వెలువరించిన తెలంగాణ పదకోశం వంటి ప్రయత్నాలు ఈ మాటలకు అచ్చులో చోటు కల్పించాయి.

నొప్పిని చెప్పే మాటల్లో ఈ వాడుక మరీ సంపన్నమైనది. ఆగకుండా ఉండేది నొప్పి. కత్తితో పొడిచినట్టు వచ్చి పోయేది పోటు. చీము పట్టినచోట నెత్తురు కొట్టుకున్నట్టు ఉండేది సలుపు. కండరం ముడుచుకుని లాగేది గుంజుడు. నడిచి నడిచి కాళ్లలో పుట్టేది తీపు. స్పర్శ మందగించి చీమలు పాకినట్టుండేది తిమ్మిరి. కీలు పక్కకు తిరిగితే బెణుకు. నొప్పి స్వభావాన్ని రోగి ఎంచుకున్న విశేషణాలను బట్టి కొలవవచ్చని 1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనాల్డ్ మెల్జాక్ ఒక ప్రశ్నావళి రూపొందించాడు. అందులో పొడుపు, సలుపు, మంట, లాగుడు వంటి మాటలు వర్గాలుగా విడదీసి ఉంటాయి. ఆ వర్గీకరణకు కావలసిన సరుకంతా తెలంగాణ పల్లె మాటలో ముందే ఉంది. మందుల చీటీ మీద ఇవన్నీ పెయిన్ అనే ఒక్క మాటగా కుదించుకుపోయినప్పుడు, రోగి విడమరచి చెప్పిన సంగతి రాతలో పోతుంది.

వైద్యుల సంస్కృతం

ఈ ఇంటి మాటల మీద చేరిన రెండో పొర ఆయుర్వేద వైద్యులతో వచ్చిన సంస్కృతం. తెలుగు దేశంలో వైద్యశాలల ఉనికికి శాసనాధారం కాకతీయుల కాలం నుంచే ఉంది. రుద్రమదేవి కాలానికి చెందిన 1261 నాటి మల్కాపురం శాసనం ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను పేర్కొంటుంది. వైద్య గ్రంథాల్లో సంస్కృత శ్లోకాలకు తెలుగు వివరణ జోడించిన బసవరాజీయం తెలుగు వైద్యుల చేతుల్లో తరతరాలుగా నలిగింది. ఈ సంప్రదాయం వల్లే వాతం, పైత్యం, కఫం, నాడి, జ్వరం, మూర్ఛ వంటి మాటలు పల్లె నాలుక మీదికి చేరాయి. జ్వరం జరమయింది, పిత్తం పైత్యంగా స్థిరపడి తలతిప్పటాన్నీ వాంతినీ సూచించసాగింది.

ఆయుర్వేద పదాలను ఆధునిక శరీర నిర్మాణశాస్త్రానికి యథాతథంగా అంటించినప్పుడు చిక్కులు వస్తాయి. శరీరంలో ఎముకలు 360 అని చరక సంహిత, 300 అని సుశ్రుత సంహిత చెబుతాయి. నేటి లెక్క ప్రకారం ఎదిగిన మనిషిలో ఉండేవి 206. ఈ తేడా లెక్క తప్పడం వల్ల వచ్చింది కాదు. చరకుడి లెక్కలో 32 పళ్లు, వాటి 32 గూళ్లు, 20 గోళ్లు కూడా ఎముకలే. ఇప్పుడు మృదులాస్థి అని వేరుచేసే మెత్తని ఎముకలను కూడా ప్రాచీనులు అస్థి కిందనే జమకట్టారు. అస్థి అనే మాటకు గీసిన హద్దు వేరు కాబట్టి సంఖ్య వేరయింది.

ఇంతకంటే క్లిష్టమైనవి రక్తనాళాల, నరాల పేర్లు. సుశ్రుతం 700 సిరలను, 24 ధమనులను, 900 స్నాయువులను లెక్కించి, ధమనులు నాభి నుంచి పుడతాయని చెబుతుంది. ఆధునిక తెలుగు పాఠ్యపుస్తకాలు గుండె నుంచి నెత్తురు తీసుకుపోయే నాళానికి ధమని అని, గుండెకు తిరిగి తెచ్చే నాళానికి సిర అని పేర్లు పెట్టుకున్నాయి. పాత మాటకు ఇది కొత్త అర్థం. స్నాయువు సంగతి మరీ విచిత్రం. తెలుగులో అది కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే నారను సూచిస్తే, ఆదిలాబాద్ సరిహద్దుకు ఆవల మరాఠీలో స్నాయూ అంటే కండరం, బెంగాలీలో స్నాయు అంటే నరం. పెన్‌గంగ దాటి ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లేసరికి ఒకే సంస్కృత పదం శరీరంలో ఒక భాగం నుంచి మరో భాగానికి మారిపోతుంది. ఇక క్లోమం అనే మాటను తెలుగువారు జీర్ణరసాలను, ఇన్సులిన్‌ను తయారుచేసే గ్రంథికి స్థిరపరచుకున్నారు. హిందీలో అదే గ్రంథిని అగ్న్యాశయమంటారు. ప్రాచీన గ్రంథాల్లో దప్పికకు మూలస్థానంగా కనిపించే క్లోమం నిజానికి ఏ అవయవమో పండితుల్లో ఏకాభిప్రాయం లేదు.

పల్లె మాటలో ఈ విభజనలేవీ లేవు. నరం అనే మాట నెత్తురు నడిచే నాళాన్నీ, స్పర్శను మోసే తంతువునూ, కండరపు నారనూ కలిపి చెబుతుంది. సూది వెయ్యడానికి నరం దొరకలేదన్నప్పుడు అది సిర. నరాల బలహీనత అన్నప్పుడు అది వేరు. నరం పట్టుకుందన్నప్పుడు అది చాలాసార్లు కండరం. దీనికి తోడు నాడి అనే మాట వైద్యుడి దగ్గర మణికట్టు దగ్గరి కొట్టుకుడు కాగా, బడి పుస్తకంలోని నాడీ వ్యవస్థలో నరానికి పర్యాయపదమైంది. పదో తరగతి చదివే పిల్ల పుస్తకంలో చదివిన నాడికీ, ఆమె నాయనమ్మ చెయ్యి చాపి చూపించుకునే నాడికీ సంబంధం లేదు.

దవాఖాన మాటలు

మూడో పొర ఫారసీ, అరబీ, ఉర్దూలది. ఆసఫ్‌జాహీ నిజాంల పాలనలో మొదట ఫారసీ, 1880ల నుంచి ఉర్దూ అధికార భాషలు కావడంతో, సర్కారు వైద్యం పల్లెకు ఆ భాషల్లోనే చేరింది. దవా అంటే మందు, ఖానా అంటే ఇల్లు. రెండూ కలిసిన దవాఖాన ఇక్కడి నోట దవఖాన అయింది. రోగం బీమారి, మాత్ర గోలీ, జలుబు సర్ది, ఉబ్బసం దమ్ము. దమ్ అంటే ఫారసీలో ఊపిరి కనుక, ఊపిరి ఆడని రోగానికి ఊపిరి పేరే పెట్టడం ఇందులోని చమత్కారం. మాంసం దుకాణంలో మూత్రపిండాలు గుర్దలు, మెదడు భేజా. కాలేయాన్ని కార్జం అంటారు. ఉర్దూ కలేజా, మరాఠీ కాళీజ్, పుస్తకాల కాలేయం దీనికి దగ్గరి చుట్టాలే, అయినా మరాఠీలో కాళీజ్ అంటే కాలేయం కాదు, గుండె.

హైదరాబాదులో 1846లో ఏర్పడిన వైద్య పాఠశాల పాశ్చాత్య వైద్యాన్ని ఉర్దూలో బోధించడంతో మొదలైంది. తరువాత కొంతకాలం ఇంగ్లీషు బోధన నడిచినా, 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రారంభమయ్యాక వైద్యవిద్య మళ్లీ ఉర్దూకు మారింది. దానికి కావలసిన పుస్తకాల కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ నెలకొంది. శాస్త్ర పదాలను ఎలా కల్పించాలన్న చర్చ అక్కడ ఎంత సాగిందంటే, ఆచార్యుడు వహీదుద్దీన్ సలీం ఆ విషయం మీదనే ఒక ప్రత్యేక గ్రంథం రాశాడు. శరీర నిర్మాణశాస్త్రం తష్రీహ్, ధమని షిర్యాన్, సిర వరీద్, నరం అసబ్, ప్లీహం తిహాల్ అయ్యాయి. బజారు ఉర్దూలో మాత్రం రగ్, నస్ అనే మాటలు తెలుగు నరంలాగే అన్నిటికీ చెల్లాయి. పండితుల ఉర్దూ, పండితుల తెలుగు రెండూ విడదీసిన దాన్ని, జనం ఉర్దూ, జనం తెలుగు రెండూ కలిపే ఉంచాయి. 1948 తరువాత ఉర్దూ బోధన ఆగిపోయి ఇంగ్లీషు వచ్చినా దవాఖాన అనే మాట మాత్రం పోలేదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానలతో అది మళ్లీ ప్రభుత్వ బోర్డుల మీదికి ఎక్కింది.

యునానీ హకీముల వైద్యం పేరులోనే గ్రీకు మూలం ఉంది. యునానీ అంటే గ్రీకు దేశానికి చెందినదని అర్థం. హకీములు కఫానికి వాడే బల్గమ్ గ్రీకు ఫ్లెగ్మా నుంచి, పేగు నొప్పికి వాడే కూలంజ్ గ్రీకు మూలమున్న కోలిక్ మాట నుంచి అరబీ ద్వారా వచ్చాయి. అవే గ్రీకు మాటలు లాటిన్, ఇంగ్లీషుల ద్వారా ఎంబీబీఎస్ పుస్తకాల్లోకి కూడా చేరాయి. హకీము, డాక్టరు ఒకరి మాట ఒకరికి పరాయిదనుకున్నా, ఆ మాటలు ఒకే ఊరి నుంచి బయలుదేరి రెండు దారుల్లో వచ్చినవి.

చలిజరం, బల్ల

ఈ పొరలన్నీ ఒకే రోగం మీద కలిసిన చోటు మలేరియా. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ జ్వరపు పరాన్నజీవిని గుర్తించకముందు, చెడ్డ గాలి వల్ల ఈ రోగం వస్తుందన్న నమ్మకమే దాని ఇటాలియన్ పేరులో స్థిరపడింది. తెలుగు వారు దాన్ని కారణంతో కాక లక్షణంతో పిలిచారు: వణికించే చలి ముందు, కాల్చే జరం తరువాత. ఆయుర్వేదం దాన్ని కాలంతో పిలిచింది: ఒక రోజు విడిచి మూడో రోజున వచ్చేది తృతీయకం, రెండు రోజులు విడిచి నాలుగో రోజున వచ్చేది చాతుర్థకం. పరాన్నజీవి రకాన్ని బట్టి 48 గంటలకో 72 గంటలకో ఎర్ర రక్తకణాలు పగలడమే ఈ క్రమానికి కారణమని తరువాత తేలింది.

పగిలిన కణాలను వడగట్టే పని ప్లీహానిది కావడంతో, పదేపదే జ్వరం వచ్చిన వారిలో అది ఉబ్బుతుంది. ఆదిలాబాద్ అడవుల్లాంటి చోట్ల పిల్లల కడుపులో తగిలే ఆ గట్టి పలకనే జనం బల్ల అన్నారు. ఒక ఊరిలో ఎందరు పిల్లలకు ప్లీహం పెరిగిందో తడిమి లెక్కించి ఆ ఊరి మలేరియా తీవ్రతను అంచనా వేసే పద్ధతిని భారతదేశంలో వైద్యులు 19వ శతాబ్దం మధ్యకాలం నుంచి పాటించారు. చేత్తో తడిమి గుర్తించడం తల్లులకూ తెలిసిన విద్యే. ఆ విద్యకు వాళ్లు పెట్టుకున్న పేరు బల్ల. భాషాశాస్త్ర దృష్టితో చూస్తే సంస్కృత ప్లీహకూ గ్రీకు స్ప్లెన్‌కూ మూలధాతువు ఒకటే. అలాగే హృదయం, కార్డియా ఒక జంట, యకృత్తు, హెపార్ మరో జంట, దంతం, డెంటల్ ఇంకో జంట. పుస్తకాల తెలుగు పదాలు, ఇంగ్లీషు వైద్య పదాలు దూరపు దాయాదులు. ఇంటి మాటైన బల్ల ఆ వంశానికి చెందనిది, రోగి కడుపు మీద పెట్టిన చేతికి తగిలినది.

జనం భాష తెలియని సర్కారు సేవ ఏదీ ఎక్కువ దూరం పోదని ఆదిలాబాద్‌లో గుర్తించిన వారిలో మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఒకరు. 1940లో జోడేఘాట్‌లో నిజాంపై తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం మరణించిన తరువాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన ఆయన, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం నెలకొల్పి, గోండీలో వాచకాలు తయారయ్యేలా చూశాడు. చదువుకు గోండీ కావాలన్న ఆ వాదన వైద్యానికీ అంతే వర్తిస్తుంది.

బడి పుస్తకపు తెలుగు

తెలుగులో శాస్త్ర గ్రంథాలు రావాలన్న తలంపుతో 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు దానికి ఊపిరి. ఆరు దశాబ్దాల తరువాత, కరీంనగర్ జిల్లా మంథని నుంచి శాసనసభకు ఎన్నికైన పి.వి. నరసింహారావు తొలి అధ్యక్షుడుగా 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, కళాశాల స్థాయి పుస్తకాలకు, పరిభాషకు రూపమిచ్చింది. ఆ పరిభాషలో ఒక చక్కని క్రమం ఉంది. నిలవ ఉంచే సంచికి ఆశయం: జీర్ణాశయం, మూత్రాశయం, పిత్తాశయం, గర్భాశయం. పారే గొట్టానికి నాళం: శ్వాసనాళం, ఆహారనాళం. స్రవించే దానికి గ్రంథి. ఈ మూడు తెలిసిన విద్యార్థికి పది అవయవాల పేర్లు వాటంతట అవే అర్థమవుతాయి.

అయితే ఈ పరిభాష ఇంటి మాటలను దాటుకుంటూ వెళ్లింది. కాన్పు చేసే మంత్రసానికి మాయ, ఉమ్మనీరు, బొడ్డుపేగు అనే స్పష్టమైన పేర్లు తెలుసు. పుస్తకం మాయను జరాయువని, ఉమ్మనీటి పొరను ఉల్బమని నేర్పింది. గర్భసంచి అనే మాట తిత్తి లాగే చూడగానే తెలిసేది. పుస్తకంలో గర్భాశయమే నిలిచింది. దానితో విద్యార్థి పరీక్షలో జరాయువు రాసి, ఇంట్లో మాయ అని వింటూ, కళాశాలకు పోయి ప్లాసెంటా నేర్చుకున్నాడు. మూడూ ఒకటేనని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. జనానికి నేరుగా చేరాల్సిన పత్రికలు, రేడియో మాత్రం మాయను, ఉమ్మనీటిని విడిచిపెట్టలేదు.

చీటీ మీది ఇంగ్లీషు

నాలుగో పొర ఇంగ్లీషు. మధుమేహం షుగర్ అయింది. మేహంలో తేనె ఉందని చెప్పే సంస్కృత పదం, తేనె అనే అర్థం గల మెల్లిటస్‌ను తోకగా పెట్టుకున్న డయాబెటిస్ ఒకే పరిశీలన నుంచి పుట్టినవే కాబట్టి, షుగర్ అనే మాట కూడా ఆ దారిలోదే. నెత్తురు పోటు బీపీ, మూర్ఛ ఫిట్స్. సింగరేణి గనులున్న గోదావరిఖని, బెల్లంపల్లి, మందమర్రిలో ఫిట్, అన్‌ఫిట్ అనే మాటలు కార్మికుడి ఉద్యోగాన్నే తేల్చే మాటలు; గల్ఫ్‌కు వెళ్లే జగిత్యాల, నిర్మల్ యువకులకు మెడికల్‌లో అన్‌ఫిట్ కావడం అంటే ప్రయాణం ఆగిపోవడం. ఫిట్ అంటే ఆరోగ్యం, ఫిట్స్ అంటే మూర్ఛ. ఇంగ్లీషులో ఒకే రూపమున్న రెండు మాటలు ఇక్కడ రెండు వేర్వేరు జీవితాలు గడుపుతున్నాయి.

ఇంగ్లీషు వైద్య పదాలను విడగొట్టే మార్గం కష్టమైనది కాదు. హెపటో అంటే కాలేయం, నెఫ్రో అంటే మూత్రపిండం, గ్యాస్ట్రో అంటే జీర్ణాశయం, కార్డియో అంటే గుండె, ఆర్థ్రో అంటే కీలు. చివర ఐటిస్ ఉంటే వాపు, తాపం. ఎక్టమీ ఉంటే కోసి తీసివేయడం. స్కోపీ ఉంటే గొట్టంతో లోపల చూడడం. ఈ లెక్కన హెపటైటిస్ కాలేయపు వాపు, ఆర్థ్రైటిస్ కీళ్ల వాపు, గ్యాస్ట్రోస్కోపీ జీర్ణాశయాన్ని లోపలి నుంచి చూడడం. డాక్టరు చీటీ చేతికి వచ్చినప్పుడు ఈ ఏడెనిమిది ముక్కలు తెలిస్తే సగం భయం తగ్గుతుంది.

విడగొట్టకుండా విన్నప్పుడు మాత్రం ప్రమాదముంది. గ్యాస్ట్రిక్ అనే మాట జీర్ణాశయానికి చెందినదని చెబుతుంది. గాలి అనే అర్థం గల గ్యాస్‌తో దానికి చుట్టరికం లేదు. అయినా చెవికి ఒకేలా వినిపించడం వల్ల కడుపులోని ప్రతి బాధా గ్యాస్ అయింది. దీనికి గుండెల మంట అనే పాత మాట తోడయింది. పులుపు నీరు ఆహారనాళంలోకి ఎగదన్నడం వల్ల వచ్చే ఆ మంటకు గుండెతో సంబంధం లేదు. మరోవైపు నిజమైన గుండెపోటు కొందరిలో ఎదలో కాక పొట్ట పైభాగంలో బరువుగా, మంటగా తెలుస్తుంది. దాన్ని గ్యాస్ అనుకుని గోలీ మింగి ఇంట్లో కూర్చుంటే, నాళం తెరవడానికి వీలైన గంటలు గడిచిపోతాయి. చెమట, ఆయాసం, ఎడమ చేతిలోకో దవడలోకో పాకే నొప్పి కడుపు మంటతో కలిసి వస్తే దాన్ని గ్యాస్ అనుకోకూడదు.

ఇటువంటి అపార్థాలను విడదీయాల్సిన వైద్యులు ఇప్పుడు ఈ ప్రాంతంలోనే తయారవుతున్నారు. ఆదిలాబాద్‌లో 2008లో రిమ్స్ వైద్య కళాశాల, 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఒకప్పుడు వైద్యవిద్య కోసం హైదరాబాదుకు పోవాల్సిన ప్రాంతంలో ఇప్పుడు ఇతర జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులు కూడా శవాన్ని కోసి శరీరాన్ని నేర్చుకుంటున్నారు. వారికి స్ప్లీన్ తెలుసు, తెలుగు మాధ్యమంలో చదివినవారికి ప్లీహమూ తెలుసు. వార్డులో పడుకున్న ముసలామె కడుపుల బల్ల పెట్టిందన్నప్పుడు ఆమె చెప్పింది ఏమిటో తెలియాలంటే మూడో మాట కూడా నేర్పాలి. బల్ల, గత్తర (కలరా), పసిరికలు (కామెర్లు), తీపులు, పానం మంచిగ లేకపోవడం వంటి మాటలను, వాటి గోండీ, కొలామీ, మరాఠీ రూపాలతో సహా, మండలం వారీగా సేకరించి, ప్రతి కళాశాల మొదటి ఏడాది విద్యార్థి చేతిలో పెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఆ మాటలు తెలిసినవారు ఎక్కువగా వయసు మళ్లినవారే కాబట్టి, ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.